చెప్పకుండా చేసిన సేవ

మరియమాత పుట్టినరోజు పండుగకు రాజం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తెల్లారగానే గుడి తలుపులు తీయాలి. ముందురోజు లక్సెట్టిపేట పోయి, వానలో తడుస్తూ మోసుకొచ్చిన బంతిపూలు పూజ జరిగే పీఠం చుట్టూ కట్టాలి. పది గంటల పూజకు ముందు గంట కొట్టాలి. ఆ తర్వాత, పాత రోజుల్లో ఇక్కడ పూజ చేసిన పెద్ద ఫాదర్ కారు దిగుతుంటే గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడాలి. ఈ చివరి పని కోసమే ఆయన ధోతి ఇస్త్రీ చేయించి, ఎవరూ ముట్టుకోకుండా దండెం మీద అందనంత ఎత్తులో వేసి పెట్టుకున్నాడు.

మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన రాజం, పాత క్వార్టర్ల పక్కనున్న ఆ గుడికి ముప్ఫై ఏళ్ళుగా అన్నీ తానే. ఊడ్చేది ఆయన, కొవ్వొత్తులు వెలిగించేది ఆయన, గంట కొట్టేది ఆయన. పెండ్లిళ్ళకు చాపలు పరిచేదీ, వాటి మీద పిల్లలు ఒలకబోసిన షర్బత్ కడిగేదీ ఆయనే. తాళంచెవి ఆయన ఇంట్లో తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. గుడికి కొత్తగా వచ్చినవాళ్ళు కూడా “తాళం ఎక్కడ?” అని అడగరు, “రాజమన్న ఎక్కడ?” అని అడుగుతారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన పైకి విసుక్కుంటూ లోలోపల మురిసిపోయేవాడు.

ఒక గుడి కిందికి వచ్చే ఇండ్లన్నిటినీ కలిపి విచారణ అంటారు. ఒకప్పుడు ఈ విచారణంటే ఏడెనిమిది క్వార్టర్లు, అంతే. గుడే లేదు. పెద్ద ఫాదర్ అప్పుడు నల్లటి గడ్డంతో సైకిలు మీద వచ్చి, రాజం ముందుగదిలో, రాజం అన్నం తినే బల్ల మీద పూజ చేసేవాడు. గంటకు బదులు వేపకొమ్మకు కట్టిన రైలుపట్టా ముక్క ఉండేది. దాన్ని ఇనుప కడ్డీతో కొడితే, షిఫ్టు దిగి ఇంటికి పోతున్న మనుషులు బొగ్గు మొహాలతోనే వచ్చి కూర్చునేవాళ్ళు. పూజయ్యాక రాజం భార్య బాలవ్వ అందరికీ ఒకే గిన్నెలో చాయ్ కాచేది. ఆ చాయ్ రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదని రాజం ఇప్పటికీ అంటాడు. నిజానికి అందులో పాలకన్నా నీళ్ళే ఎక్కువ.

ఆ తర్వాత గుడి కట్టారు, ఇప్పటికి దాన్ని రెండుసార్లు పెంచారు. బోథ్ దిక్కు నుంచి పనుల కోసం వచ్చి ఇక్కడే ఇండ్లు కట్టుకున్నవాళ్ళతో ఆదివారం రెండు పూజలు పెట్టినా బయట టెంటు వేయక తప్పడం లేదు. గుడి పెరిగినట్టే దాతలూ పెరిగారు, దాతలతో పాటు వాళ్ళ పేర్లూ పెరిగాయి. పేరు రాయని ఫ్యాను ఆ గుడిలో ఒక్కటీ లేదు. తిరిగే రెక్క మీద పేరు కనబడదు కాబట్టి, దాత చుట్టాలను తీసుకొచ్చిన ఆదివారం ఎండాకాలమైనా సరే ఆ ఫ్యాను ఆపి ఉంచమని రాజానికి కబురు వచ్చేది.

ఇప్పుడు ఈ గుడిని చూసుకునే చిన్న ఫాదర్ ఇదంతా చూసి చూసి విసిగి, పండుగకు రెండు వారాల ముందు ప్రసంగంలో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు.

“సేవ చేసినోళ్ళ పేరు దేవునికి తెలిస్తె చాలు. పండుగకు ఇంటికొక పని పట్టుకోండి. ఏం పని పట్టుకున్నరో పక్కింటోళ్ళకు చెప్పొద్దు. నాకూ చెప్పొద్దు. నేను గూడ అడగ.”

జనం గంభీరంగా తలలూపారు. రాజం మాత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే నవ్వాడు.

“పేరు రాస్తమంటెనే చీపురు ముట్టనోళ్ళు, పేరే ఉండదంటె ముడ్తరా? ఆఖరికి అన్ని గీ రాజమే చెయ్యాలె, సూడు నువ్వు.”

“నీ పని నువ్వు చేస్కోరాదయ్యా, మంది ముచ్చట నీకెందుకు?” అంది బాలవ్వ.

అసలు ముల్లు వేరే గుచ్చుకుంది. ఆ వారమే పెద్దల సమావేశంలో రాంచందర్ లేచాడు. ఆటో నడుపుకునే రాంచందర్ ఈ ఏడే సంఘం పెద్ద అయ్యాడు, పెద్దరికం ఇంకా కొత్త చొక్కాలా ఒంటికి అలవాటు కాలేదు.

“రాజమన్నకు వయసైంది ఫాదర్. గుడి చూస్తె గింత పెద్దగైంది. తాళంచెవి కమిటీ చేతిల పెడ్తె మంచిగుంటది. అన్న మంచికే చెప్తున్న.”

రాజానికి చెవులు వేడెక్కాయి. “నా చేతికింద గీ గుడిల నుంచి ఒక్క పుల్ల పోలే. పోయిన్నాడు ఎవ్వలు అడుగొద్దు, నేనే తెచ్చి తాళంచెవి ఫాదర్ చేతిల పెడ్త!”

“పండుగ కానియ్యి తాతా, తర్వాత చూద్దాం,” అని చిన్న ఫాదర్ అప్పటికి మాట దాటేశాడు. ఆ ‘తర్వాత’ అన్న మాటతో రాజానికి నిద్ర పట్టడం మానేసింది. పెద్ద ఫాదర్ ఒక్కసారి వచ్చి, తాను తళతళలాడేలా నిలబెట్టిన గుడిని కళ్ళారా చూస్తే, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఇక ఎవరూ మాట్లాడరని ఆయన ధైర్యం. కరీంనగర్‌లో ముసలి ఫాదర్లుండే ఇంట్లో కాలం గడుపుతున్న పెద్ద ఫాదర్‌ను తీసుకురావటానికి, పండుగ రోజు చీకటితోనే చిన్న ఫాదర్ కారులో బయలుదేరి వెళ్ళాడు.

రాజం పూలబుట్టతో గుడికి పోయి తాళం తీశాడు. తలుపు తోశాడు. తోసినవాడు తోసినట్టే నిలబడిపోయాడు.

పీఠం లేదు. నలుగురు పడితే గానీ కదలని టేకు పీఠం ఉన్నచోట, నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి. ఇత్తడి దీపస్తంభాలు లేవు. మైకుసెట్టు లేదు. గంట తాడు లేదు. గూట్లో మరియమాత కూడా లేదు. గోడలో బిగించిన, దివ్యప్రసాదం దాచే మందసమూ, పేర్లతో సహా ఫ్యాన్లూ మాత్రం ఉన్నాయి. దొంగలు కూడా ఆ పేర్లకు జడిసినట్టున్నారు.

రాజం గుమ్మంలోనే కూలబడ్డాడు. తాళం పగలలేదు. అంటే తాళంచెవితోనే తీశారు. తాళంచెవి రాత్రంతా తన ఇంట్లో మేకుకే ఉంది. నిన్న సాయంత్రమంతా తాను లక్సెట్టిపేటలో ఉన్నాడు, రాత్రి తడిసి వచ్చి గుడి వైపు తొంగి కూడా చూడకుండా పండుకున్నాడు. ఒక్క పుల్ల పోలేదని అందరి ముందూ జబ్బలు చరిచినవాడికి ఇప్పుడు పుల్ల తప్ప అన్నీ పోయాయి.

కాసేపటికి లేచాడు. తాళంచెవి ఎటూ పోయేదే. పూజ అయ్యాక తానే ఇచ్చేస్తాడు, ఇచ్చిన మాట ఇచ్చిందే. కానీ అంత దూరం నుంచి వస్తున్న ముసలాయన బోడి గోడలు చూసి పోవటానికి మాత్రం వీల్లేదు. రాజం ఇంటికి పరుగు లాంటి నడకతో పోయాడు.

“ఏమే, గా బల్ల మీది బియ్యం డబ్బా దించు.”

“ఎందుకయ్యా?”

“అడగకు. జల్ది దించు.”

బాలవ్వ ఆయన ముఖంలోకి చూసింది. ఎందుకో చిన్నగా నవ్వింది. “సరే, నేనేం అడగ. నువ్వేం చెప్పకు,” అని డబ్బా దించి, బల్లను శుభ్రంగా తుడిచి, ఒక కొస తానే పట్టుకుంది. పెట్టెలోంచి తెల్ల చీర తీసి మడతపెట్టి దాని మీద వేసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరో పక్క పట్టుకొని బురదలో అడుగులో అడుగు వేస్తూ బల్లను గుడి గుమ్మం దాకా మోశారు. అక్కడ బాలవ్వ లోపలికి తొంగి చూడకుండా, కొంగు దులుపుకొని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇంత మంచి మనిషి మీద ఇన్నాళ్ళూ ఊరికే విసుక్కున్నానే అని రాజం నొచ్చుకున్నాడు.

దీపాలకు దేవవ్వ ఇంటికి పోయాడు. పాత రోజుల్లో కరెంటు పోతే ఆమె కందిళ్ళతోనే పూజ జరిగేది. దేవవ్వ వాకిట్లో బోర్లించిన గంప మీద కూర్చొని ఉంది. రాజాన్ని చూసి ఉలిక్కిపడింది గానీ లేవలేదు.

“కందిళ్ళా? అటక మీద ఉన్నయి, నువ్వే తీస్కో బిడ్డా. నాకు మోకాళ్ళ నొప్పి, లేవ వశపడ్తలేదు.”

మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి గంప మీద ఎందుకు కూర్చుందో, ఆమె చేతులు ఎందుకు నల్లగా ఉన్నాయో ఆలోచించే తీరిక రాజానికి లేదు. కందిళ్ళు తీసుకొని టైలరు కోమల ఇంటికి పోయాడు. మొదటి పూజకు గోడకు తగిలించిన మరియమాత పటం కోమల మామది. ఆయన పోయాక అది వాళ్ళ ఇంట్లోనే ఉంది. కోమల తలుపు ఓరగా తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“పటమే గదా మామా? నువ్వు ఆడనే ఉండు, నేను తెచ్చిస్త.”

ఆమె లోపలికి పోగానే పరదా కొంచెం పక్కకు జరిగింది. నీలం పట్టుచీర కట్టుకున్న మనిషెవరో గోడ వైపు తిరిగి, స్టూలు మీద బిగుసుకొని కూర్చున్నట్టుంది.

“ఎవలు బిడ్డా, చుట్టాలా?”

“మా చిన్నమ్మ,” అంది కోమల, పటం చేతిలో పెడుతూ. “మాట్లాడది.”

“దండాలమ్మా,” అన్నాడు రాజం మర్యాదకు. ఆ చిన్నమ్మ నిజంగానే మాట్లాడలేదు. ఎవరి ఇంటికి పోయినా ఈ దాపరికమేమిటో ఆయనకు అంతుపట్టలేదు. దొంగతనం సంగతి వాడంతా పాకిపోయిందనీ, అందరూ తనను చూసి జాలిపడి నోరు మూసుకుంటున్నారనీ అనిపించి తల మరింత వంగిపోయింది.

ఇక గంట. తాడు లేని గంటను ఏం చేయాలి? ఇంటి వెనక బట్టలుతికే బండ కింద, బండ ఒరగకుండా పెట్టిన రైలుపట్టా ముక్క గుర్తొచ్చింది. దాన్ని లాగి, కడిగి, గుడి ముందు వేపకొమ్మకు కట్టాడు. ఇనుప కడ్డీ ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు.

ఆ చప్పుడు విన్నాక కాసేపు ఆయన తాను ఎందుకు పరేషాన్‌లో ఉన్నాడో మర్చిపోయాడు. చెవులు గింగుర్లెత్తే ఆ మోత క్వార్టర్ల సందుల్లో తిరిగి, ఎక్కడో ఆగి, మళ్ళీ వచ్చింది. సైకిలు స్టాండు వేస్తున్న నల్లగడ్డం ఫాదర్, బొగ్గు మొహంతో పళ్ళు మాత్రమే కనబడేలా నవ్వే కోమల మామ, తలుపు దగ్గర గిన్నెతో బాలవ్వ, అందరూ వరుసగా కళ్ళ ముందుకొచ్చారు. వాళ్ళలో ఇప్పుడు లేనివాళ్ళే ఎక్కువ. రాజానికి ఏడుపు వచ్చింది. కొడుతూనే ఏడ్చాడు, ఏడుస్తూనే కొట్టాడు.

అవతలి వీధి నుంచి శంకరవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. మోకాళ్ళ పేరు చెప్పి ఏడాదిగా గుడి ముఖం చూడని మనిషి.

“మళ్ల బల్ల మీద పూజనా రాజం? నాకు చెప్పరాదు?” అని, వచ్చి సరిగ్గా పాత రోజుల్లో కూర్చున్నట్టే బల్లకు ఎడమ పక్కన కూర్చుంది.

పది గంటలకు కారు వచ్చింది. రాజం ధోతి కట్టుకోవటం మర్చిపోయి, బురద లుంగీతోనే గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద ఫాదర్ గడ్డం ఇప్పుడు పూర్తిగా తెల్లబడింది. చిన్న ఫాదర్ భుజం పట్టుకొని దిగి, వేపకొమ్మకు ఊగుతున్న రైలుపట్టా ముక్కను చూశాడు. దాన్ని వేలితో ఒకసారి తట్టి లోపలికి నడిచాడు. తెల్ల చీర కప్పిన బల్ల, దాని మీద రెండు కందిళ్ళు, గోడకు పాత పటం, చుట్టూ బంతిపూలు. ముసలాయన బల్ల మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కాడు. బల్ల టక్కుమని ఒక పక్కకు ఒరిగింది.

“రాజం, దీని కాలు ఇంక కుంటుతనే ఉన్నది,” అని నవ్వాడు. నవ్వుతూనే జేబురుమాలు తీసుకున్నాడు.

చిన్న ఫాదర్ మాత్రం నోరు తెరిచి నాలుగు గోడలూ చూశాడు. నిన్న మధ్యాహ్నం దాకా ఉన్న పీఠం ఏమైనట్టు? మాత ఎక్కడికి పోయినట్టు? ఇది ఎవరి సేవ? అడుగుదామని రాజం వైపు ఒక అడుగు వేసి, అడగనని పూజలో అందరి ముందూ తానే చెప్పిన మాట గుర్తొచ్చి ఆగిపోయాడు. మాట ఇచ్చి ఇరుక్కున్నది రాజం ఒక్కడే కాదన్నమాట.

పూజ మొదలైంది. మైకు లేకపోవటంతో అందరూ చెవులు రిక్కించి, ముందుకు జరిగి కూర్చున్నారు. ప్రసంగంలో పెద్ద ఫాదర్ ఎక్కువేమీ చెప్పలేదు.

“కొత్త గుడి చూద్దామని వచ్చిన. మీరు నాకు పాత గుడి తెచ్చి చూపెట్టిండ్రు. గీ ఆలోచన ఎవలదో తెల్వది గని, ఆ మనిషికి నేను మొక్కుతున్న.”

ఆలోచన దొంగలదని చెప్పలేక రాజం తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే బయట నుంచి పెద్ద కేక వినబడింది.

“కదలొద్దు! సామాన్లతోని సహా దొరికిండ్రు!”

జనమంతా బయటికి పరిగెత్తారు. గుడి పక్క తలుపు దగ్గర కానిస్టేబుల్ దశరథం లాఠీ అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయన ముందు, ట్రాలీ మీద టేకు పీఠంతో వడ్రంగి సాంబయ్య. గంపలో దీపస్తంభాలతో దేవవ్వ. ఆటోలో, నీలం పట్టుచీర కట్టుకున్న మరియమాతను ఒళ్ళో కూర్చోబెట్టుకొని కోమల. ఆమె కాళ్ళ దగ్గర మైకుసెట్టు. ఆటో వెనక, కనబడకుండా ఉండాలని వంగి, అయినా సగం కనబడుతున్న రాంచందర్.

“దొంగతనం కాదు సారూ,” సాంబయ్య గోడు వెళ్ళబోసుకున్నాడు. “పండుగ గదా అని ఇంటోళ్ళమంత కలిసి మోసుకపోయి వార్నిష్ కొట్టిన. రాత్రి వానకు ఆరలే. పూజకు ముందే చప్పుడు గాకుంట పెట్టిపోదామనుకున్న.”

“నేను చింతపండు పెట్టి తోమిన బిడ్డా, నా చేతులు సూడు. రాజం కంట పడకుంట పెడ్దమంటె పూజ టైమాయె,” అంది దేవవ్వ.

“మాతకు చీర కుట్టుడుంటె కొలతలకు తీస్కపోయిన,” అంది కోమల. రాజం పొద్దున తాను దండం పెట్టిన చిన్నమ్మను గుర్తుపట్టి మళ్ళీ దండం పెట్టాడు.

“మరి గుడి లూటీ అయిందని ఫోన్ చేసిందెవలు?” అన్నాడు దశరథం.

రాంచందర్ నిటారుగా లేచాడు. “నేనే సార్. నిన్న అందరికన్న ముందు మైకుసెట్టు రిపేరుకు తీస్కపోయిన. పొద్దుగాల పెట్టిపోదామని వచ్చి కిటికీలకెళ్ళి సూస్తె లోపల ఏం లేదు. గాబరాల ఫోన్ చేసిన. చేసినంక యాదికొచ్చింది, మైకుసెట్టు నా ఆటోలనే ఉన్నదని. ఇంటికి ఉరికిన.”

ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు కదా, గుడి ఖాళీ అవుతుంటే ఎవరికీ అనుమానం రాలేదా అని చిన్న ఫాదర్ అడిగాడు. ఎవరికీ రాలేదు. దేవవ్వ వెళ్ళేసరికి పీఠం లేదు. రాజం పక్కకు జరిపాడనుకుంది. కోమల వెళ్ళేసరికి దీపాలు లేవు. రాజం లోపల పెట్టాడనుకుంది. గుడిలో ఏది కదిలినా రాజమే కదిపాడనుకోవటం ఆ వాడకు ముప్ఫై ఏళ్ళ అలవాటు.

“మరి తాళం ఎట్ల తీసిండ్రు?” అన్నాడు దశరథం.

అందరూ బాలవ్వ వైపు చూశారు.

“అందరు నా తానికే వచ్చిండ్రు,” అంది బాలవ్వ నిదానంగా. “ఎవ్వలకు చెప్పకు అక్కా అన్నరు. చెప్పలే.”

“నాకన్న చెప్పొద్దానే?” రాజం మొత్తుకున్నాడు. “పొద్దటి సంది నా పానం పోయింది!”

“నువ్వు నాకు చెప్పినవా? బల్ల ఎందుకయ్యా అంటె అడగకు అన్నవు. నీది గూడ సేవే అనుకున్న.”

జనం గొల్లుమన్నారు. రాజానికి నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు. సిగ్గేసింది. చీపురు ముట్టరని తాను నవ్విన మనుషులే వీళ్ళంతా. తాను ఒక్కడే మోస్తున్నానని అనుకున్న గుడిని, తాను లేని ఒక్క పూటలో తలా ఒక చెయ్యి వేసి ఎత్తుకుపోయారు. లోపల ఎక్కడో ఏళ్ళ తరబడి బిగిసి ఉన్నదేదో వదులైనట్టయింది. అది సంతోషమేనని ఒప్పుకోవటానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. మొలలోంచి తాళంచెవి తీసి చిన్న ఫాదర్ చేతిలో పెట్టాడు.

“మాటంటె మాటే ఫాదర్. ఒక్క పుల్ల పోతె ఇస్త అన్న. పుల్ల గాదు, పీఠమే పోయింది.”

రాంచందర్ తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశాడు. చిన్న ఫాదర్ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“తాతా, నేను చెప్పిన మాట గీ విచారణ మొత్తంల పూరాగ పాటించింది ఒక్కలే,” అని, తాళంచెవిని తీసుకెళ్ళి బాలవ్వ చేతిలో పెట్టాడు. “గింతమంది ముచ్చట్లు కడుపుల పెట్టుకొని రాత్రి ఎట్ల పండుకున్నవ్ అవ్వా?”

“మంచిగనే పండుకున్న. గీయన గురక విన్నంక గవన్ని ఒక లెక్కనా?” అని బాలవ్వ తాళంచెవిని కొంగుకు ముడివేసుకుంది.

పెద్ద ఫాదర్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. రాజం ఒక్క క్షణం తన ఖాళీ చేతుల వంక చూసుకొని, తర్వాత తానూ నవ్వాడు.

పూజ ముగిసేసరికి బాలవ్వ గుడి ముందే మూడు రాళ్ళు పెట్టి, పెద్ద గిన్నెలో అందరికీ చాయ్ కాచింది. కానిస్టేబుల్ దశరథానికీ ఒక గ్లాసు దక్కింది. ఆయన దాన్ని పట్టుకొని గుడంతా తిరిగి చూశాడు. పాత బల్ల పక్కన టేకు పీఠం, కందిళ్ళ పక్కన ఇత్తడి దీపాలు, గూట్లో మాత, గోడ మీద మాత. పాతది అరిగిందని ఒకరు విప్పేస్తే, ఒకరికి తెలియకుండా ఒకరు కొనుక్కొచ్చి, గంటకు కడదామని పట్టుకున్న కొత్త తాళ్ళు మూడు. చాయ్ పూర్తిగా తాగి, మూతి తుడుచుకొని, స్టేషనుకు ఫోన్ చేశాడు.

“పోయినయన్ని దొరికినయి సార్. ఒక్కొక్కటి రెండు రెండు దొరికినయి. సామాన్లు ఎక్కువైనయని కేసు రాస్తందుకు మన తాన సెక్షన్ ఏమన్న ఉన్నదా సార్?”